నీళ్లు అక్కర్లేని ఆరు నెలలు

గ్లాడియోలస్ అంటే మనవాళ్లకు తెలిసింది ఒక్క రకమే. పెళ్లి స్టేజీకి రెండు పక్కలా ఇత్తడి బిందెల్లో నిలబెట్టే పొడుగాటి కాడ, కింద నుంచి పైకి వరసగా విచ్చుకుంటూ పోయే వెడల్పాటి పూలు. ఎరుపు, తెలుపు, గులాబీ, పసుపు, ఏ రంగు అడిగితే ఆ రంగు. వాసన మాత్రం అడక్కూడదు. హైదరాబాదు గుడిమల్కాపూర్ మార్కెట్లో కట్టలుగా దిగుతాయి, బొకేలు కట్టేవాళ్లు పట్టుకుపోతారు. అనంతపురంలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్లూ నేనూ ఈ మొక్కనే బెంగళూరు నుంచి తెప్పించి, దుంపను నిలువుగా కోయించి, బొమ్మ గీయించి మార్కులు వేశాను.

ఈ పువ్వుకు పెదనాన్న బిడ్డలు బోలెడుమంది ఉన్నారనీ, వాళ్లలో కొందరు మూరెడు ఎత్తు కూడా పెరగరనీ, ఇంకొందరు పొద్దుగూకాక లవంగం వాసన వేస్తారనీ, ఏడాదిలో సగం కాలం వాళ్ల మీద చుక్క నీరు పడకూడదనీ కళ్లారా చూసింది మాత్రం రిటైరయ్యి మా అబ్బాయి దగ్గరికి కేప్‌టౌన్ వచ్చాకే. అబ్బాయి వాళ్లది ప్లమ్‌స్టెడ్ అనే పేటలో ఇల్లు. వెనక వరండాలో నా కుండీలు ఉంటాయి. డిసెంబరులో ఎవరొచ్చినా ముందు ఆ కుండీల మీదే కన్ను పడుతుంది. "అయ్యో ఆంటీ, అన్నీ ఎండిపోయాయే, నీళ్లు పోయడం లేదా?" అంటూ చెంబు కోసం చుట్టూ చూస్తారు. మా కోడలు ఒకసారి నేను పడుకున్నాక పోయబోయి దొరికిపోయింది. దాన్నీ తప్పుపట్టలేను. వాడిన మొక్కను చూస్తే నీళ్లు పోయాలనిపించడం మనిషికి సహజం. ఈ పువ్వు చరిత్రంతా ఆ సహజమైన చెయ్యి చేసిన పనే అంటాను నేను.

ఇక్కడి వానల లెక్క మనకు తలకిందులు. మనకు ఎండలు ముదిరాక నైరుతి వస్తుంది, చలికాలం పొడిగా పోతుంది. కేప్‌టౌన్ చుట్టుపక్కల వాన పడేదే చలికాలంలో, మే నుంచి ఆగస్టు దాకా. నవంబరు నుంచి మార్చి వరకూ ఎండ, దానికి తోడు ఆగ్నేయం నుంచి ఈడ్చి కొట్టే పొడిగాలి. అందుకని ఇక్కడి దుంపజాతి మొక్కలు ఎండాకాలాన్ని నిద్రకు వాడుకుంటాయి. ఏప్రిల్లో రాత్రిళ్లు చల్లబడగానే మొలక. ఆగస్టు, అక్టోబరు నెలల మధ్య పువ్వు. నవంబరు దాటేసరికి ఆకు పండి ఎండి, నేల మీద ఆనవాలు కూడా ఉండదు. కింద దుంప మాత్రం నార తొడుగు కప్పుకుని పడుంటుంది.

ఆ దుంప కూడా ఏటా కొత్తదే. పోయినేటి దుంపలోని పిండి అంతా ఆకుకూ పువ్వుకూ ఖర్చయిపోతుంది. దాని నెత్తిన ఈ యేటి దుంప తయారవుతుంది, పాతది చెక్కులాగా ఎండి అడుగున అంటుకుని మిగులుతుంది. ఇలా ఏటా ఒక మెట్టు పైకి జరిగితే కొన్నాళ్లకు నేల మీదికి వచ్చేయాలి కదా? రాదు. లావుపాటి వేళ్లు కొన్ని పుట్టి, అవి ముడుచుకుంటూ కొత్త దుంపను లోపలికి లాగేస్తాయి. మా పరీక్ష పేపర్లో ఇది రెండు మార్కుల ప్రశ్న. కుండీ బోర్లించి, మట్టి దులిపి, ఆ ముడతలు పడ్డ వేళ్లను చేత్తో పట్టుకుని చూస్తే రెండు మార్కులు చాలా తక్కువనిపించింది.

గ్లాడియోలస్ ప్రజాతిలో 260కి పైగా జాతులున్నాయి. వాటిలో 160కి పైగా ఆఫ్రికా ఖండం దక్షిణపు కొసనే పుట్టాయి. పీటర్ గోల్డ్‌బ్లాట్, జాన్ మానింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వాటన్నిటినీ 1998లో ఒక్క పుస్తకంలోకి ఎక్కించారు. అందులోని రంగుల బొమ్మలు చూస్తూ ఒక మధ్యాహ్నమంతా గడిపేయొచ్చు. దక్షిణాఫ్రికా పటం మీద ఒక నిలువు గీత గీసుకుంటే కథ సులువవుతుంది. గీతకు పడమర చలికాలంలో వాన, వేసవిలో నిద్ర. తూర్పున నటాల్, డ్రాకెన్స్‌బర్గ్ కొండల వైపు మనలాగే వేసవిలో వాన, చలికాలంలో నిద్ర. యూరప్ తోటమాలులు మొదట పడమటి వాళ్లను తీసుకుపోయారు. చివరికి తూర్పు వాళ్లతో స్థిరపడ్డారు.

అంతకుముందు వేల ఏళ్లు ఇక్కడి కోయ్‌కోయ్, సాన్ ప్రజలు ఈ కుటుంబపు రకరకాల దుంపలను తవ్వుకోలలతో తవ్వి, నిప్పుల్లో కాల్చుకుని తిన్నారు. తర్వాత 1652లో డచ్ ఈస్టిండియా కంపెనీ దిగింది. వచ్చేపోయే ఓడలకు కూరగాయలు పండించడానికి తోట వేసింది. ఆ తోట ఇప్పటికీ నగరం నడిబొడ్డున ఉంది, ఆదివారాలు జనం ఉడతలకు పల్లీలు వేస్తుంటారు. 1685 ఆగస్టులో కేప్ కమాండర్ సిమాన్ వాన్ డెర్ స్టెల్ రాగి కొండలు వెతుక్కుంటూ ఉత్తరాన నమాక్వాలాండ్ వైపు బయలుదేరాడు. ఆగస్టు, సెప్టెంబరు అంటే ఎడారి అంచు పూసే కాలం. వెంట హెండ్రిక్ క్లాడియస్ అనే చిత్రకారుడు ఉన్నాడు. రాగి దొరికింది గాని అంత దూరం నుంచి మోసుకురావడం కుదిరేపని కాదు. క్లాడియస్ గీసిన మొక్కల బొమ్మలు మాత్రం మిగిలాయి. పాపం, ఆయన ఆ దేశపు వివరాలు తాషార్ అనే ఫ్రెంచి జెసూట్ పాదిరీకి చెప్పాడు. పాదిరీ ఊరుకోకుండా తన పుస్తకంలో ఆయన పేరు వేసి మెచ్చుకున్నాడు. కమాండరు కంట్లో అది పడింది, క్లాడియస్‌ను కేప్ నుంచి పంపేశారు. పుస్తకాల ముందుమాటల్లో కృతజ్ఞతలు రాసేవాళ్లు కాస్త చూసుకుని రాయాలి.

కంపెనీ తోటలో పార పట్టింది ఎక్కువగా బానిసలు. మచిలీపట్నం, భీమునిపట్నం, పులికాట్‌లలో వర్తక స్థావరాలు పెట్టుకున్న ఆ డచ్చి కంపెనీయే మన తీరం నుంచి, బెంగాల్ నుంచి, మలబారు నుంచి మనుషులను కొని ఓడల్లో ఇక్కడికి తోలింది. పాత కాగితాల్లో వాళ్లకు ఎవరో పెట్టిన పేరు ఒకటి, దాని చివర కోరమాండల్ అన్న ముక్క ఒకటి. అంతకు మించి ఏమీ ఉండదు. ఆ తోటకు వెళ్లినప్పుడు నాకు చెట్ల మీద కన్నా మట్టి మీదే ధ్యాస.

పద్దెనిమిదో శతాబ్దంలో ఈ దుంపలకు యూరప్‌లో గిరాకీ పుట్టింది. 1772లో స్వీడన్‌కు చెందిన కార్ల్ పీటర్ థున్‌బెర్గ్, లండన్ క్యూ తోట తరఫున ఫ్రాన్సిస్ మాసన్ కేప్‌లో దిగారు. ఇద్దరూ ఎడ్లబండ్ల మీద కలిసి తిరిగారు. థున్‌బెర్గ్ తర్వాత ఉప్సలాలో 1784లో గ్లాడియోలస్ మీదే ప్రత్యేకంగా ఒక గ్రంథం ప్రచురించాడు. మాసన్ దుంపలూ గింజలూ పెట్టెలకెత్తి క్యూకు పంపాడు. ఇక్కడొక విషయం ఉంది. ఆ రోజుల్లో బతికున్న మొక్కను ఓడ మీద నెలల తరబడి తీసుకుపోవడం గగనం. ఉప్పుగాలి తగులుతుంది, మంచినీళ్లు మనుషులకే చాలవు. నిద్రలో ఉన్న దుంపకు ఆ బాధ లేదు. మట్టి అక్కర్లేదు, నీరు అక్కర్లేదు, పొడి ఇసుకలోనో కాగితంలోనో పెట్టి పడేస్తే చాలు. ఎండాకాలం కోసం నేర్చుకున్న నిద్ర సముద్రం దాటించింది. వియన్నా చక్రవర్తి రెండో జోసెఫ్ పంపగా 1786లో కేప్‌లో దిగిన ఇద్దరు తోటమాలుల్లో బూస్ త్వరగానే తిరిగి వెళ్లిపోయాడు. షోల్ మాత్రం ఓడ దొరక్క పన్నెండేళ్లకు పైగా కేప్‌లోనే ఉండిపోయి దుంపలు పంపుతూ వచ్చాడు. షోన్‌బ్రున్ రాజభవనంలో అవి పూసినప్పుడల్లా జాక్విన్ అనే ఆచార్యుడు బొమ్మలు వేయించి అచ్చువేశాడు. ఫ్రాన్సులో నెపోలియన్ భార్య జోసఫిన్ కూడా లండన్ నర్సరీవాళ్లతో కలిసి జేమ్స్ నివెన్ అనే సేకర్తకు జీతమిచ్చి కేప్ మొక్కలు తెప్పించుకుంది. రాణులకు ముచ్చట పుడితే ఆ మాత్రం ఖర్చు తప్పదు.

దుంప చేరినంత తేలికగా పువ్వు రాలేదు. ఈ మొక్కకు ఆకు వచ్చేది చలికాలంలో. లండన్ చలికాలంలో ఎండ ఉండదు, మంచు ఉంటుంది. కాబట్టి అద్దాల కింద పెట్టాలి. అద్దాల కింద పెట్టాక గాలి ఆడాలి, వేడి ఎక్కువ కాకూడదు, ఆకు పండగానే నీళ్లు ఆపేయాలి. ఆ ఆపడం తెలిసిన తోటమాలులు కొందరున్నారు. విలియం హెర్బర్ట్ అనే క్రైస్తవ మతగురువు అలాంటివాడు. యార్క్‌షైర్‌లో తన తోటలో పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే కేప్ గ్లాడియోలస్‌లను ఒకదానితో ఒకటి సంకరం చేసి గింజలు తీశాడు. భగవంతుడు చేసిన జాతులను మనిషి కలపవచ్చా అని చాలామంది నొసలు చిట్లించే కాలం అది. పాదిరీయే ఆ పని చేయడం నాకు మహా సరదాగా ఉంటుంది.

1823లో చెల్సీ కింగ్స్ రోడ్డు మీద జేమ్స్ కాల్విల్ నర్సరీలో ఒక సంకరం పుట్టింది. తల్లిదండ్రుల్లో ఒకటి ట్రిస్టిస్. మీగడ రంగు, సన్నటి ఆకు, అడ్డంగా కోస్తే కూడిక గుర్తులా కనిపిస్తుంది. పగలు వాసనే ఉండదు, చీకటి పడ్డాక రాత్రి పురుగుల కోసం గుప్పుమంటుంది. రెండోది కార్డినాలిస్. కొండల్లో జలపాతాల పక్క తడిరాళ్లను పట్టుకుని వేలాడుతూ, ఎర్రగా, నడివేసవిలో పూస్తుంది. ఒకటి ఎండను తప్పించుకుని నిద్రపోయేది, రెండోది ఆ ఎండలోనే నీటి తుంపర కింద మేలుకునేది. వీటికి పుట్టిన కాల్విల్లీ రకం ఇప్పటికీ నర్సరీల్లో దొరుకుతుంది. తెల్లది కావాలంటే 'ది బ్రైడ్' అని అడగాలి. పొట్టిగా, సన్నగా, మన స్టేజీ పువ్వుకు చెల్లెలి వరస.

ఆ దారిలోనే సాగి ఉంటే ఈ రోజు బొకేల్లో వాసన ఉండేది. సాగలేదు. ఒక పక్క ఆవిరి గొట్టాలతో వేడెక్కించే అద్దాల ఇళ్లు వచ్చాయి. 1845లో ఇంగ్లండులో అద్దం మీద పన్ను ఎత్తేశారు, డబ్బున్నవాళ్లంతా ఉష్ణమండలపు ఆర్కిడ్ల వెంట పడ్డారు. ఆ ఉక్కలో, ఆ తడిలో కేప్ దుంపలు కుళ్లిపోయాయి. ఇంకో పక్క బెల్జియంలో ఆంగియెన్ అనే ఊళ్లో అరెన్‌బర్గ్ డ్యూక్ గారి తోటమాలి బెడింగ్‌హౌస్ 1837 ప్రాంతంలో తూర్పు వైపు రకాలతో ఒక సంకరం తీశాడు. గెంట్ నగరపు వ్యాపారి లూయీ వాన్ హౌట్ దాన్ని కొని 1841లో గాండావెన్సిస్ పేరుతో అమ్మకానికి పెట్టాడు. దీనికి వేసవిలో నీళ్లు పోస్తే చాలు. వసంతంలో నాటడం, వేసవిలో పూయించడం, శరత్తులో తవ్వి గోనెసంచిలో అటక మీద పడేయడం. అద్దాల ఇల్లు అక్కర్లేదు, ఎప్పుడు ఆపాలన్న చింత లేదు. రైతుకు ఇంకేం కావాలి? ఫ్రాన్సులో ఫోంటెన్‌బ్లో తోటమాలి సూషే దాని పిల్లలను వందల రకాలు చేశాడు. నాన్సీ ఊరి లెమ్వాన్ ఇంకో రెండు తూర్పు జాతుల రక్తం ఎక్కించాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జాంబెజీ నది మీద విక్టోరియా జలపాతం వంతెన పనికి వెళ్లిన ఇంజినీరు ఫ్రాన్సిస్ ఫాక్స్ ఆ తుంపర్లలో తడుస్తూ పెరిగే పసుపు రకాన్ని ఇంగ్లండుకు పంపాడు, దాన్నీ కలిపారు. ఎక్కించిన ప్రతి చుక్కా వేసవి వానదే. మన బెంగళూరు దగ్గరి హెసరఘట్ట పరిశోధన సంస్థ తీసిన 'ఆర్తి', 'సప్న', 'ధీరజ్' కూడా ఆ వంశంవే. పడమటివాళ్లు లెక్కలోంచి జారిపోయారు.

మా సీమలో కొర్రకు జరిగిందీ ఇదే. బోర్లు పడ్డాయి, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, నీళ్లు తాగే వరి ఇంటింటా గంజి అయింది. వానను నమ్ముకుని మూడు నెలల్లో పండి తన దారిన పోయే కొర్రను 'పేదల తిండి' అని పక్కన పెట్టాం. కొర్రలో లోపమేమీ లేదు. దాన్ని పండించడానికి ఆకాశం వైపు చూడటం తెలియాలి, గట్టు మీద మోటారు ఉన్నవాడికి ఆ అవసరం రాలేదు. ఇప్పుడు అదే కొర్రను షుగరు డాక్టరు రాసిస్తే సూపర్‌మార్కెట్లో సన్నబియ్యం కన్నా ఎక్కువ ధరకు కొంటున్నాం. గ్లాడియోలస్‌కు ఇంకా ఆ డాక్టరు దొరకలేదు.

పుట్టినింట్లో వీటి బతుకు వేరుగా నడిచింది. కేప్‌టౌన్ ఎడర్లీ స్ట్రీట్‌లో పందొమ్మిదో శతాబ్దం చివర నుంచి పూలమ్మేవాళ్లున్నారు. ఎక్కువమంది ఆడవాళ్లు, ఇక్కడ కలర్డ్ అని పిలిచే సమాజం వాళ్లు. బానిసలుగా వచ్చినవాళ్ల వారసులు వాళ్లలో ఎందరో. తెల్లారకముందే కొండ వాలుల్లో కోసి, బుట్టల్లో రైలెక్కించి తెచ్చేవాళ్లు. ఈ మొక్కలకు వాళ్ల నోటి పేర్లున్నాయి. ఎర్రగా, కిందిరేకులు ఆకుపచ్చ పసుపుగా ఉండే పొట్టి అలాటస్‌ను కల్కూంకీ అంటారు. పొద్దున గోధుమరంగులో ముభావంగా ఉండి, చీకటి పడితే ఊదారంగుకు తిరిగి లవంగం వాసన వేసే లిలియేసియస్‌ను ఆండ్‌బ్లొం అంటారు.

అడవిపూలు తరిగిపోతున్నాయని 1905లో కేప్ ప్రభుత్వం చట్టం తెచ్చింది, 1937లో దాన్ని ఇంకా బిగించింది. పూలు తగ్గుతున్న మాట నిజం. అయితే ఆ రోజుల్లో పూల నేలను ఎక్కువగా తింటున్నది బుట్టలు కావు, నాగళ్లు. కేప్‌టౌన్‌కు ఉత్తరాన స్వార్ట్‌లాండ్‌లో రెనోస్టర్‌వెల్డ్ అనే బంకమన్ను పొదలనేల ఉంది. దుంపజాతులకు పుట్టినిల్లు అది. గోధుమ కోసం దున్నగా దున్నగా పాత నేలలో పదో వంతు కూడా మిగల్లేదు. గోధుమ రైతు మీద పోలీసును పంపడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే. బుట్ట పట్టుకున్న ఆడమనిషిని ఆపడం సులువు.

1913లో కేప్‌టౌన్ కొండ తూర్పు వాలున కిర్స్టెన్‌బాష్ తోట మొదలైంది. మొదటి డైరెక్టరు హెరాల్డ్ పియర్సన్ చేతిలో డబ్బుల్లేక కట్టెలూ, పందుల మేతకు ఓక్ కాయలూ అమ్మి తోట నడిపాడు. ఆ తోట పక్కనే ప్రోటియా విలేజ్ అని ఒక ఊరుండేది. అక్కడి మగవాళ్లు చాలామంది తోటలో పనిచేసేవాళ్లు, ఆడవాళ్లు కొందరు పూలమ్మేవాళ్లు. 1960ల్లో వర్ణవివక్ష చట్టం కింద ఆ ఊరిని ఖాళీ చేయించి జనాన్ని ఇసుకనేలల పేటల్లోకి విసిరేశారు. రాతి చర్చి మాత్రం మిగిలింది. ఇన్నేళ్లూ అక్కడి పాతకాపులు ఆదివారం బస్సెక్కి ఆ చర్చికి వస్తూనే ఉన్నారు.

నాకు ఈ మొక్కల సంగతి నేర్పింది ఆ ఊరి పెద్దాయన ఒకరు. ఎనభై దాటాయి. రిట్రీట్ అనే పేటలో పెరట్లో చిన్న నర్సరీ. తాత కిర్స్టెన్‌బాష్‌లో మట్టి పని చేసినవాడు, అమ్మ ఎడర్లీ స్ట్రీట్‌లో పూలమ్మిన మనిషి. నేను బాటనీ లెక్చరర్నని చెబితే, "అయితే పేర్లు మీరు చెప్పండి, నీళ్ల సంగతి నేను చెబుతాను" అన్నాడు. నాకు అప్పుడే నచ్చాడు.

ఆయన పద్ధతి ఇది. కుండీ వెడల్పు ఎంతున్నా లోతు జానెడైనా ఉండాలి, దుంప కిందికి దిగాలనుకుంటే చోటుండాలి కదా. మట్టి అంటే రెండు పాళ్లు గరుకు ఇసుక, ఒక పాలు జల్లెడ పట్టిన ఆకు ఎరువు. పశువుల ఎరువు వద్దు. ఆయన ఉప్పు ఇసుకకు భయపడతాడు, ఏటి ఇసుకే తెచ్చి కడుగుతాడు. ఏప్రిల్లో దుంపను రెండు వేళ్ల లోతున పెట్టి, ఒక్కసారి బాగా తడిపి, మొలక కనబడేదాకా మళ్లీ ముట్టుకోడు. ఆకు వచ్చాక వారానికో పది రోజులకో ఒకసారి అడుగు నుంచి కారేదాకా పోస్తాడు. రోజూ చిలకరించడం అంటే ఆయనకు ఒళ్లుమంట. ఎండ నిండుగా తగలాలి, నీడలో పెంచితే ఆకు పొడుగై కాడ వాలిపోతుంది. ఆకు కొస పసుపు తిరగడం మొదలైన రోజు నీళ్లు కట్. పచ్చగా సగం ఉన్నా సరే కట్. ఎండే ఆకులోంచి దుంపలోకి పిండి దిగుతుందట. అది నిజమే, నేనూ అదే పాఠం చెప్పాను, అయితే నా పాఠంలో 'కట్' అన్న మాట లేదు. నవంబరులో కుండీలను చూరు కింద వరసగా పక్కకు పడుకోబెడతాడు. అకాల వాన ఒక్కటి పడ్డా లోపలికి పోకుండా.

గింజ నుంచి పెంచడం ఆయనకు ఇంకా ఇష్టం. పల్చటి రెక్కలున్న గింజ, ఊదితే ఎగిరిపోతుంది. శరత్తులో చల్లితే నెల తిరిగేలోపు గడ్డి పోచలా మొలుస్తుంది. మూడేళ్లు ఆగితే పువ్వు. ఈ మూడేళ్లు చాలామంది ఆగలేరు. మొదటి వేసవిలోనే చచ్చిపోయిందనుకుని కుండీ బోర్లించేస్తారు. పెద్దాయన నర్సరీకి వచ్చి తిరిగి ఇచ్చేసినవాళ్లూ ఉన్నారట, మొక్క ఎండిపోయింది డబ్బులివ్వమని. ఆయన డబ్బులిచ్చేసి కుండీ తీసుకుని చూరు కింద పెట్టుకుంటాడు. ఏప్రిల్లో మళ్లీ అమ్ముతాడు.

తుప్పు తెగులు ఒకటుంది, ఆకుల మీద నారింజ పొడి. అది వచ్చిన ఆకును కోసి కాల్చేయడమే. సన్నపురుగులు కూడా పట్టుకుంటాయి. పొలాల్లోనైతే ముళ్లపందులూ మట్టి ఎలుకలూ దుంపలు తవ్వుకుపోతాయి, ఎలుకలు బొరియల్లో గుట్టలు వేసి దాచుకుంటాయి. పెరట్లో ఆ బాధ లేదు.

2018 ఫిబ్రవరి 1న కేప్‌టౌన్‌లో మనిషికి రోజుకు 50 లీటర్లు అని గీత గీశారు. అంతకుముందు మూడేళ్లు చలికాలపు వాన మొహం చాటేసింది. కొళాయి నీళ్లతో తోట తడపడం నిషేధం. కొళాయిలు మొత్తం కట్టేసే రోజు ఫలానా అని పేపర్లో తేదీలు వేసేవాళ్లు, ఆ తేదీ వెనక్కీ ముందుకూ జరిగేది. మా వీధిలో పచ్చిక బయళ్లు తాటాకు రంగుకు తిరిగాయి. అనంతపురంలో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టిన దాన్ని కాబట్టి నాకు పెద్ద కొత్తేమీ లేదు. స్నానం బకెట్లోనే, బియ్యం కడిగిన నీళ్లు పారబోయడం లేదు. పూల తోటలున్నవాళ్లు గులాబీలనూ, పెద్ద గ్లాడియోలస్‌లనూ వదిలేసుకున్నారు. పెద్దాయన చూరు కింద పడుకోబెట్టిన కుండీలకు ఫిబ్రవరిలో ఎలాగూ నీళ్లు అక్కర్లేదు. ఆ చలికాలం వాన పడింది, అవి ఎప్పటిలాగే మొలిచాయి. ఆ ఏడాది ఆయన సరుకు మొత్తం అమ్ముడుపోయింది. నేను నా మొదటి ట్రిస్టిస్ కొన్నది అప్పుడే.

న్యూవౌట్‌విల్ అని ఉత్తరాన ఒక చిన్న ఊరుంది. దుంపజాతుల రాజధాని అంటారు. ఏడాదికి సుమారు 350 మిల్లీమీటర్ల వాన. మా అనంతపురం 550 మిల్లీమీటర్లకే కరువు జిల్లా అని పేరు మోసింది. ఆ 350తోనే సెప్టెంబరులో నేల కనబడకుండా పూస్తుంది. చలికాలం వాన అంతగా ఆవిరైపోదు, ఎక్కువగా వేరుకే చేరుతుంది. అక్కడ ఒక గొర్రెల రైతు, నీల్ మెక్‌గ్రెగర్, పూలు గింజకట్టేదాకా మందను ఆ పొలాలకు తోలకుండా ఏళ్ల తరబడి కాచుకున్నాడు. ఆ పొలమే 2007లో హంటామ్ జాతీయ వృక్షోద్యానం అయింది. శాస్త్రవేత్తలు చెప్పకముందే గొర్రెలకాపరికి తెలిసింది.

ఇంకో వింత. గులాబీ రంగులో, కమ్మటి వాసనతో పెద్దగా పూసే కార్యోఫిలేసియస్ పుట్టిన గడ్డ మీద అరుదైపోయింది, గోధుమ పొలాలు మింగేశాయి. అదే జాతి ఎవరి తోటలోంచో తప్పించుకుని పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్ చుట్టుపక్కల అడవిలో పడింది. అక్కడా చలికాలమే వాన. అక్కడిప్పుడు అది కలుపుమొక్క, పీకి పారేస్తున్నారు. మా అబ్బాయి స్నేహితుడొకడు పెర్త్ నుంచి దాని ఫొటో పంపి, దీన్నెలా చంపాలి ఆంటీ అని అడిగాడు. ఆ ఫొటో పెద్దాయనకు చూపించాను. చాలాసేపు చూసి, టికెట్ ఎంతవుతుందని అడిగాడు.

నా పాత విద్యార్థి ఒకడు తాడిపత్రి దగ్గర చీనీ తోట రైతు. ఈ మధ్య ఫోన్ చేసి, మేడం, ఆ ట్రిస్టిస్ మనకు బతుకుతుందా అన్నాడు. సూట్‌కేసులో తేలేను, గింజకైనా దిగుమతి పర్మిటూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమూ ఉండాలి, అవి తెప్పించుకుంటే ప్రయత్నించొచ్చని చెప్పాను. మనకు అది నిద్రపోవాల్సిన నెలల్లోనే వాన పడుతుంది కాబట్టి మే నుంచి అక్టోబరు దాకా కుండీ రేకుల కింద ఉండాలి, నేలలో పెట్టొద్దు. దీపావళి దాటి రాత్రిళ్లు చల్లబడ్డాక తడిపి లేపాలి. మన చలి మూడు నెలలే, ఫిబ్రవరి చివరికే ఎండ ముదురుతుంది. ఆలోపు ఆకు చేయగలిగినంత చేసుకుంటుంది, మొదటేడు పువ్వు రాకపోయినా తిట్టుకోవద్దు. ఇసుక చిత్రావతిదైనా పెన్నదైనా సరే, రెండు నీళ్లు కడిగి వాడమన్నాను. అన్నీ రాసుకున్నాడు. రెండు రోజులాగి మళ్లీ ఫోన్. కుండీలు కొన్నాడట, ఇసుక ఆరబోశాడట. "మేడం, కుండీల దాకా ఒక డ్రిప్ లైను లాగేద్దామా, రోజూ పది నిమిషాలు వదిలితే చాలు కదా?" అన్నాడు. డ్రిప్పు చీనీ చెట్లకే ఉంచుకొమ్మన్నాను.